గుండుకి మూడో కాలు

రోజూ పొద్దున్నే, ఇంట్లో ఇంకా ఎవరి గొంతూ లేవకముందే, ఆయన వంటింట్లోకి వెళ్ళి కాఫీపొడి సీసా మూత తీస్తాడు. తీసి, మళ్ళీ సీసా మీదే ఆనించి పెడతాడు. తిప్పడు. పసిపిల్ల తలకి టోపీ పెట్టినంత మెత్తగా పెట్టి వచ్చేస్తాడు. కాసేపటికి లేచే భార్య చేతికి ఆ మూత ఇట్టే వచ్చేస్తుంది.

ఇందులో ఏముంది అనిపించవచ్చు. ఆయన సంగతి తెలిసినవాళ్ళకి మాత్రం ఇది చిన్న విషయం కాదు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ముప్పై నాలుగేళ్ళ పాటు ఆయన నిద్ర లేవందే ఆ ఇంట్లో కాఫీ కాలేదు. రోజూ పడుకోబోయే ముందు ఇల్లంతా ఒక చుట్టు తిరిగి కుళాయిలు, సీసాల మూతలు, కిటికీ గడియలు, ఆఖరికి పక్కింటివాళ్ళు అడిగి తీసుకెళ్ళే మడత కుర్చీ మరలు కూడా బిగించి పడుకునేవాడు. పొద్దున్నే ఆవిడ ఆ సీసాతో కుస్తీ పట్టేది. గుడ్డ చుట్టి తిప్పేది. గట్టుకేసి తట్టేది. చివరికి మంచం దగ్గరికి తెచ్చి ఆయన గుండెల మీద పెట్టేది.

"లేవండి. మీ బిగింపు మీరే విప్పుకోండి."

బిగింపు అన్న పేరు ఆవిడ పెట్టింది కాదు. పంపుల ఫ్యాక్టరీలో పెట్టారు. అక్కడ ఆయన ఫిట్టరు. ఆయన చేతి మీదుగా వెళ్ళిన పంపు కారుతోందని ఏనాడూ ఒక్క కబురు రాలేదు. కాకపోతే ఆ పంపు ఏ పదేళ్ళకో రిపేరుకి వస్తే దాన్ని విప్పేవాళ్ళకి తల ప్రాణం తోకకి వచ్చేది. "ఎవడు బిగించాడ్రా దీన్ని?" అని ఎవరూ అడిగేవారు కాదు. పానా వేసి ఒక్కసారి లాగి, మెదలకపోతే, "బిగింపుగాడిదే" అనుకుని పక్కన పెట్టి టీకి వెళ్ళేవారు.

ఆయనకి లోలోపల ఆ పేరంటే ఇష్టమే. బోల్టు తిరిగి తిరిగి చివరి పావు చుట్టులోకి వచ్చేసరికి, ఇనుము ఇనుముని పట్టుకునే ఒక క్షణం ఉంటుంది. అంతదాకా రెండు వస్తువులు. అక్కణ్ణుంచి ఒకటే. ఆ క్షణం అరచేతిలోంచి మోచేతి దాకా సన్నగా పాకేది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే వెర్రివాడనుకుంటారని.

ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాక కుడిచేతి బొటనవేలి మొదట్లోకి ఒక నొప్పి వచ్చి కాపురం పెట్టింది. డాక్టరు ఫోటో తీయించి, కీలు అరిగిందన్నాడు. బరువైనవి తిప్పకూడదన్నాడు. సీసాల మూతలు మాత్రం ఆయన మానలేదు. అవి బరువైనవి కావు కదా.

గుండు సంగతి వచ్చింది ఆ రోజుల్లోనే.

గుండు అంటే ఆయన అక్క బొగ్గుల పొయ్యి. మూత వేస్తే అచ్చం బంతిలా ఉండి మూడు కాళ్ళ మీద నిలబడే పెద్ద గ్రిల్లు. కింద డొప్ప, పైన మూత, రెంటికీ నల్లటి ఎనామిల్ పూత. ఒక హోటలు మూసేస్తూ సామాను అమ్మేస్తుంటే అక్క దాన్ని ముచ్చటపడి తెచ్చుకుంది. బావ లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి. నెలకొకసారి కనిపించేవాడు, తర్వాత ఏడాదికొకసారి కనిపించాడు, తర్వాత కనిపించడం మానేశాడు. పిల్లలు లేరు. అక్క కళ్ళు తుడుచుకుని, బస్టాండు ఎదుట గుండుని నిలబెట్టి, బొగ్గులు రాజేసింది. మొక్కజొన్న కండెలు, దుంపలు, సాయంత్రాలు చేపలు. ఇరవై ఏడేళ్ళు అక్కడే నిలబడింది. బస్సు దిగినవాళ్ళు ముందు ఆ పొగ వాసన పీల్చి, తర్వాత ఊళ్ళోకి వచ్చామని అనుకునేవారు.

గుండుతో వచ్చిన కాళ్ళు కొంగ కాళ్ళలా సన్నగా ఉండేవి. తమ్ముడు వాటిని తీసేసి, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన లావుపాటి గొట్టాలతో కొత్త కాళ్ళు చేసి పెట్టాడు. అందుకే అది అన్నేళ్ళు కదలకుండా నిలబడింది.

తర్వాత అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది. మూడు వానాకాలాలు గుండు ఆమె ఇంటి వెనక రేకు కింద పడి ఉంది. మోకాలు బాగుపడి, ఆమె మళ్ళీ లేచి నడిచేసరికి, అది ఒక కాలు విరిగి బోర్లాపడి ఉంది.

అక్కది వెనక వీధే. నాలుగయ్యేసరికి కాఫీకి తమ్ముడింటికి వచ్చేది. ఒక ఆదివారం వచ్చి, కాఫీ ఊదుకుంటూ, వాతావరణం గురించి చెప్పినట్టుగా చెప్పింది.

"వచ్చే ఆదివారం బస్సుకి టికెట్టు తీసుకున్నాన్రా."

"ఎక్కడికి?"

"నా పక్కన టీ బండి పెట్టేదే, పొడుగామె, గుర్తుందా? ఆవిడ ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్లో వంటకి ఉంది. ఇంకో మనిషి కావాలట. గది కూడా ఇస్తారట. రమ్మంది."

"ఎన్నాళ్ళకి?"

"ఎన్నాళ్ళకేంట్రా, వెళ్తే వెళ్ళినట్టే. బస్సులో తొమ్మిది గంటలు. కాఫీకి వచ్చిపోయే దూరమా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"మరి గుండు?"

"ఇంకేం గుండు? వెల్డింగు షాపువాడు వచ్చి చూశాడు. కాళ్ళు మార్చాలంటే బోల్టులు రావాలి, అవి తుప్పు పట్టి కూర్చున్నాయి, కోస్తే డొప్ప పగులుద్ది, ఎవడో మహానుభావుడు బిగించినట్టున్నాడు అన్నాడు. శనివారం పాత ఇనపసామాన్లవాణ్ణి రమ్మన్నాను."

"ఎవడో ఏంటి వదినా?" అంది భార్య లోపల్నుంచి. "ఇక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నాడు ఆ మహానుభావుడు."

ఆయన ఆ మాట విననట్టు అడిగాడు. "శనివారం లోపు నేను దాన్ని నిలబెడితే?"

అక్క ఆయన మొహం కాకుండా బొటనవేలు వైపు చూసింది. "నిలబెడితే వెళ్ళను. పార్కు గేటు దగ్గర జాగా ఉంది, పెట్టుకోమని కాపలాదారు ఎప్పట్నించో అంటున్నాడు. నాకు మాత్రం ఈ వయసులో వందమంది ఎంగిలి కంచాలు కడగాలని ఉందా? ఖాళీగా కూర్చోలేక వెళ్తున్నా. కానీ నీ చెయ్యి పాడు చేసుకోకు. నీ చెయ్యి పోయాక గుండు నిలబడితే నాకెందుకు?"

ఆ సాయంత్రమే ఆయన వెనక వీధి నుంచి చక్రాల బల్ల మీద గుండుని తోసుకొచ్చాడు. దారిలో ఎదురైనవాళ్ళు, "ఏంటి మావయ్యా, శాటిలైటా?" అని అడిగారు. "ఆఁ, ఇంకా ఎగరలేదు" అన్నాడు.

సోమవారం పొద్దున్న వెనక వసారాలో పాత దుప్పటి పరిచి దాన్ని బోర్లించాడు. రెండున్నర కాళ్ళు ఆకాశంలోకి చూస్తున్నాయి. డొప్పకి మూడు చోట్ల పొట్టి గొట్టాలు అతికించి ఉన్నాయి. ఒక్కో కాలు ఒక్కో పొట్టి గొట్టంలోకి దూరుతుంది. రెంటినీ కలిపి అడ్డంగా వేలంత లావు బోల్టు అటునుంచి ఇటు దిగుతుంది. మూడు కాళ్ళు, మూడు బోల్టులు. అంతే పని. చిన్నపిల్లాడు కూడా బొమ్మ గీసి చూపించగలడు.

అయితే ఆయన ఊరికే బిగించి వదిలే మనిషి కాదు కదా. బోల్టు అవతలి పక్క బయటికి వచ్చిన కొసని సుత్తితో కొట్టి, మేకు తలలా పుట్టగొడుగు చేసి పెట్టాడు. ఇక అది తిరిగేది లేదు, వచ్చేది లేదు. ముప్పై ఏళ్ళ కిందటి తన సుత్తి దెబ్బలు ఆ కొసల మీద చిన్న చిన్న పలకలుగా ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. వేలితో తడిమాడు. ఒక్కోదానికి ఏడెనిమిది దెబ్బలు. ఎంత ఓపిక ఉండేదో, ఎంత బలం ఉండేదో. తన చిన్నప్పటి దస్తూరీ పాత పుస్తకం అట్ట మీద కనబడితే మనిషి ఎలా చూస్తాడో అలా చూశాడు.

కరెంటు మిషను పెట్టి కోస్తే అదిరి ఎనామిల్ పెచ్చులూడుతుంది. గట్టిగా కొడితే అతుకు ఊడి డొప్పకి చిల్లి పడుతుంది. అందుకని రంపపు బ్లేడు ముక్కకి గుడ్డ చుట్టి చేత్తో పట్టుకుని, ఆ పుట్టగొడుగుల్ని ఒక్కోదాన్ని కోస్తూ కూర్చున్నాడు. ఎడమచేత్తో కోశాడు. కుడిచెయ్యి తర్వాతి పనికి దాచుకున్నాడు. ఇనప రజను మడమల మీద నల్లటి పుప్పొడిలా రాలింది. మధ్యాహ్నానికి మొదటిది ఊడింది. చీకటి పడకముందు మూడూ ఊడాయి. మూడింటి మీదా కిరోసిన్, ఇంజన్ ఆయిల్ కలిపిన చుక్కలు వేసి, చెవిలో మందు వేసినట్టు వేసి, వదిలేశాడు.

ఇలాంటి పనిలో చేసేది తక్కువ, ఆగేది ఎక్కువ. నూనె తుప్పులోకి దిగాలి. అది ఎవరి మాటా వినదు. గంటకొకసారి సుత్తితో బోల్టు తల మీద టిక్కు టిక్కుమని తట్టాలి, ఇంకో చుక్క వెయ్యాలి, కూర్చోవాలి. ఆయన వసారా గోడకి ఆనుకుని కూర్చునేవాడు. పక్కన గుండు మూత ఉండేది. దాన్ని తడిగుడ్డతో తుడిచేసరికి మసి కింద నుంచి పాత నలుపు లేచింది. అందులో వసారా అంతా వంగి, చిన్నదై, ఒక చుక్కలో ఇమిడినట్టు కనబడేది. దండెం మీద బట్టలు, వాటి వెనక మబ్బు, మబ్బు కింద అగ్గిపుల్లంత తను. మబ్బు కదిలితే తనూ కదులుతున్నట్టుండేది. అలా ఎంతసేపు చూసేవాడో ఆయనకే తెలిసేది కాదు. నూనె వాసనలో పాత షెడ్డు ఉంది, షెడ్డు పైకప్పు రేకుల్లోంచి పడే గుండ్రటి ఎండ బిళ్ళలు ఉన్నాయి, టీ గంట ఉంది. అవన్నీ వచ్చి ఆయన చుట్టూ నిశ్శబ్దంగా కూర్చునేవి.

"పనిచేస్తున్నారా, నిద్రపోతున్నారా?" అనేది భార్య బట్టలు తీస్తూ.

"నూనె పనిచేస్తోంది."

"అదృష్టవంతురాలు, నూనెకి నొప్పులుండవు."

మంగళవారం మొదటి బోల్టు వచ్చింది. ఇలాంటివాటికి ఒక పద్ధతి ఉంది. నేరుగా విప్పడానికి లాగకూడదు. ముందు వెంట్రుకవాసి బిగించాలి. అలా బిగిస్తే తుప్పు చిట్లుతుంది. అప్పుడు విప్పాలి. ఆయన పానా వేసి, కుడివైపు ఒక్క కొసరు నొక్కి, ఎడమవైపు తిప్పాడు. కిర్రుమని అరిచి, ఎర్రటి పొడి రాల్చుకుంటూ బయటికి వచ్చింది. బుధవారం రెండోది మొండికేసింది. డొప్ప చుట్టూ తడిగుడ్డలు కప్పి, బోల్టు తలని మాత్రం సన్నటి మంటతో వేడిచేసి, ఆ వేడి మీద కొవ్వొత్తి ఆనించాడు. మైనం కరిగి మర చుట్ల సందుల్లోకి దానంతట అదే పీల్చుకుపోయింది. అది చూడటం ఆయనకి ఎప్పుడూ ఇష్టం. గట్టిదనుకున్నది నీళ్ళై, దారి లేదనుకున్న చోట దూరుతుంది. చల్లారాక కుడికి కొసరు, ఎడమకి లాగు. వచ్చింది.

గొట్టాల షాపువాడు మూడు కొత్త కాళ్ళు కోసి పంపాడు. ఆయన వాటిని గోడకి ఆనించి పెట్టాడు. భార్య వాటి పక్కనుంచి వెళ్తూ ప్రతిసారీ లెక్కపెట్టేది, అవేవో తమంతట తాము పెరుగుతాయన్నట్టు.

మిగిలింది మూడోది.

గురువారం పొద్దున్న అదే నూనె, అదే మంట, అదే మైనం. కుడికి కొసరు నొక్కాడు. వెంట్రుకవాసి కదిలినట్టే అనిపించింది. ఆయన గుండె కూడా కదిలింది. వెంటనే ఎడమకి లాగాడు. రాలేదు. ఇంకా లాగాడు. బోల్టు పళ్ళు బిగబట్టినట్టు బిగబట్టింది. మళ్ళీ కుడికి కొసరు, మళ్ళీ కదలిక. మళ్ళీ ఎడమకి, మళ్ళీ రాయి. అలా సాయంత్రం దాకా. ఇంకొంచెం గట్టిగా కుడికి నొక్కి చూద్దామని ఒక్కసారి అనిపించింది గానీ, వెనకనుంచి భార్య, "ఇంక బిగించకండి మహానుభావా, మీ బిగింపుకి తల ఊడొచ్చేస్తుంది" అంటే చెయ్యి తీసేశాడు. నిజమే. బోల్టు తల తెగిపోతే మిగతా ముక్క లోపలే ఉండిపోతుంది. దాన్ని డ్రిల్లు పెట్టి తొలిచేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం వణికితే డొప్ప పోయినట్టే. ఆ చెయ్యి ఈమధ్య టీ గ్లాసు పట్టుకున్నా వణుకుతోంది.

నాలుగింటికి అక్క వచ్చింది. "ఎంతవరకు వచ్చింది?"

"అయిపోయినట్టే. ఒకటుంది" అన్నాడు.

ఆమె వసారాలోకి తొంగి చూడబోతే, "నూనె ఉంది అక్కా, జారతావు" అని ఆపేశాడు. ఆమె కాఫీ తాగి, చేతిసంచీ పాతదైపోయిందని, బస్సులోకి గట్టిది ఒకటి కొనుక్కోవాలని చెప్పి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున్న కూడా కాసేపు లాగేసరికి బొటనవేలు వాచింది.   భార్య వేణ్ణీళ్ళ గిన్నె తెచ్చి ముందు పెట్టి, ఆయన చెయ్యి అందులో ముంచి, పక్కనే కూర్చుంది.

"వదిన వెళ్తే నాకూ ఏదోలా ఉంటుంది" అంది. "ఈ ఇంట్లో నా మాటలకి నవ్వేది ఆవిడొక్కతే."

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన వసారాలో చాప మీద ఒరిగాడు. గుండు నీడ ఆయన మీద పడుతోంది. కన్ను మూసీ మూయకముందే షెడ్డు వచ్చేసింది. మిషన్లన్నీ తిరుగుతున్నాయి గానీ ఒక్కదానికీ చప్పుడు లేదు. వరసగా పేర్చిన పంపుల మూతుల్లో నీళ్ళు నిండి ఉన్నాయి, ప్రతి నీళ్ళలోనూ ఒక చిన్న మబ్బు. షెడ్డు కప్పు రేకులు కావు, గుండు డొప్పే. ఆయన దాని కింద నిలబడి చేతులెత్తి ఒక బోల్టు తిప్పుతున్నాడు. నొప్పి లేదు. చెయ్యి ముప్పై ఏళ్ళది. బోల్టు వెన్నలో వేలు తిరిగినట్టు తిరుగుతోంది. పక్కన బల్ల మీద అక్క కూర్చుని ఉంది, జుట్టంతా నల్లగా. నవ్వుతోంది. చేత్తో నోరు మూసుకుని, భుజాలు ఎగరేస్తూ, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. "ఎందుకే నవ్వుతావు?" అని అడుగుతున్నాడు. ఆమె చెప్పడం లేదు. వేలితో ఆయన చేతిని చూపించి ఇంకా నవ్వుతోంది.

లేచేసరికి ఎండ గోడ దిగి నేల మీదికి వచ్చింది. చెయ్యి ఎటు తిప్పిందో గుర్తు లేదు. నవ్వు మాత్రం చెవుల్లో ఉండిపోయింది. అది కలలో పుట్టిన నవ్వు కాదు. ఎప్పుడో విన్నదే.

నాలుగింటికి అక్క కొత్త సంచీతో వచ్చింది. గట్టిదే కొంది. ఆయన కాఫీ ముట్టుకోకుండా అడిగాడు.

"అక్కా, గుండుకి కాళ్ళు పెట్టిన రోజు నువ్వు పక్కనే ఉన్నావు కదా?"

"ఉండక? బోల్టులు అందించింది ఎవరనుకున్నావు?"

"ఆ రోజు నువ్వు తెగ నవ్వావు. ఎందుకు నవ్వావు?"

"ఏంట్రోయ్, ముప్పై ఏళ్ళ కిందట నవ్విన నవ్వుకి ఇప్పుడు సంజాయిషీ అడుగుతున్నావా?"

"చెప్పవే." ఆయన వాచిన చేతిని ఒళ్ళో దాచుకుని, నేల చూస్తూ అన్నాడు. "మూడోది నా వల్ల కావట్లేదు."

వంటింటి గుమ్మంలో భార్య నిలబడిపోయింది. ఆయన నోటి నుంచి ఆ మాట ఆవిడ ఇంతవరకూ వినలేదు. అక్క కూడా వినలేదు. చిన్నప్పుడు గోడ మీదనుంచి పడి చెయ్యి విరిగినప్పుడు కూడా, "వంగింది అంతే" అన్న మనిషి.

అక్క గ్లాసు పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది. కాసేపు పెదాలు కదిలాయి. తర్వాత భుజాలు కదిలాయి.

"దొంగ!" అంది.

"ఎవరు?"

"దొంగరా! బస్టాండు దగ్గర ఎవరిదో బండి చక్రాలు ఊడదీసుకుపోయారు అప్పుడు. నా గుండు కాళ్ళు కూడా ఊడదీసుకుపోతారేమోనని నేను భయపడుతుంటే నువ్వేమన్నావు? రెండు కాళ్ళు పట్టుకుపోయినా మూడోది వాడి తాతొచ్చినా రాదు, వాడు విప్పుతున్నాననుకుంటూ తెల్లారేదాకా బిగించుకుంటూ కూర్చుంటాడు అన్నావు. అని ఊరుకున్నావా, వాడిలా ఇటు తిప్పి అటు తిప్పి, చెమట తుడుచుకుని, అమ్మా అయ్యా అంటూ ఆడి చూపించావు. నవ్వలేక చచ్చాను."

  ఆయన వాచిన చెయ్యి ఎత్తి, గాలిలో కుడికి తిప్పి చూసుకుని, "ఉల్టా మర" అన్నాడు.

"అంటే?" అంది భార్య.

అంటే, మామూలు బోల్టులు ఎడమకి తిప్పితే ఊడతాయి. కొన్ని మాత్రం కుడికి తిప్పితేనే ఊడతాయి. వాటి మర ఎదురు తిరిగి ఉంటుంది. పంపులో గిర్రున తిరిగే భాగం దగ్గర, ఆ తిరుగుడుకి తనంతట తాను ఊడిపోకుండా అలాంటిది వేస్తారు. ఫ్యాక్టరీ నుంచి అలాంటిదొకటి తెచ్చి, గొట్టానికి అదే వాటంలో మర కోసి, మూడో కాలికి వేశాడు. వేసి, కొస కొట్టేసి, మర్చిపోయాడు. రెండు రోజులుగా బిగిద్దామని నొక్కిన ప్రతి కొసరూ దాన్ని విప్పింది. విప్పుదామని లాగిన ప్రతి లాగుడూ బిగించింది.

భార్య అంతా విని తల ఊపింది. "అంటే రెండ్రోజుల్నించీ ఆ దొంగ పని మీరే చేస్తున్నారన్నమాట. చెమట తుడుచుకుని, అమ్మా అయ్యా అని."

ముందు అక్క నవ్వింది. అదే నవ్వు. చేత్తో నోరు మూసుకుని, భుజాలు ఎగరేస్తూ. జుట్టొక్కటే తెల్లబడింది. తర్వాత ఆయనా నవ్వాడు. నవ్వుతూనే లేచి వసారాలోకి వెళ్ళాడు. ఈసారి అక్కని ఆపలేదు.

పానా వేసి కుడికి నొక్కాడు. వెంట్రుకవాసి కదిలి ఆగింది. రెండు రోజుల బిగింపు తీరాలి కదా. వేలు సహకరించలేదు. పట్టు జారింది. అక్క చాప మీద మోకాలు చాచుకుని కూర్చుని, ఆయన చెయ్యి మీద తన చెయ్యి వేసింది. ఇరవై ఏడేళ్ళు నిప్పుల మీద ఆడిన చెయ్యి అది. అరచెయ్యి అంతా ఎండు తొక్కలా గట్టిగా ఉంది.

"ఎటు?"

"ఇటు. బిగించినట్టు."

"నీకిష్టమైన వైపేగా. పట్టు."

భార్య వచ్చి డొప్ప కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. కిర్రుమంది. ఎర్రటి పొడి రాలింది. బోల్టు మెల్లగా, బద్ధకంగా, నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు తిరిగింది. ఇంకొక చుట్టు. ఇంకొకటి. చివరి చుట్లు అక్కే వేళ్ళతో తిప్పి బయటికి తీసి, ముప్పై ఏళ్ళ నాటి ఇనుముని వెలుగులో పెట్టి చూసింది. అంత తుప్పు కింద కూడా మర ఎదురు వాటంగా మెలిక తిరిగి కనబడుతోంది.

"ఇంత చిన్నదా నన్ను తొమ్మిది గంటల దూరం పంపించబోయింది?" అంది.

శనివారం పొద్దున్న పాత ఇనపసామాన్లవాడు ఆమె ఇంటికి వెళ్ళి, తాళం చూసి, ఎవరో చెబితే ఇటు వచ్చాడు. అప్పటికి గుండు మూడు కొత్త కాళ్ళ మీద వసారాలో నిలబడి ఉంది. అక్క చెయ్యి సాయం పట్టగా, గొట్టాల్లోని పాత మర తొలిచేసి, మూడింటికీ మామూలు మర కోశాడు ఆయన. కొసలు కొట్టలేదు. డొప్ప అడుగున బూడిద రాలే రేకుని వైరు బ్రష్షుతో రుద్ది, నూనె పెట్టి, అటూ ఇటూ ఆడేలా చేశాడు. అక్క మూత తోముతోంది.

"ఏదమ్మా ఇనుము? గుండు ఇస్తానన్నారు?" అన్నాడు వాడు.

"గుండు లేచి కూర్చుంది బాబూ. ఇవి తీసుకో." పాత కాళ్ళు మూడూ అందించింది.

"ఇవేనా? వీటికోసం వీధి మారి వచ్చానా?"

"పోనీ కండె తిని వెళ్ళు. కాసేపు ఆగు."

ఆమె కొత్త సంచీలోంచి ఒక కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, బొగ్గుల కింద దూర్చి, అగ్గిపుల్ల గీసింది. అది బస్సు టికెట్టని ఆయన చూశాడు. పొగ ముందు తెల్లగా లేచి, వసారా దాటి, దండెం మీద బట్టల్లోంచి వడబోసుకుని, పైకి పోయింది. పాతసామాన్లవాడు బండి కాడి మీద కూర్చుని కండె ఊదుకుంటూ తిన్నాడు. భార్య వంటింట్లోంచి పిలిచింది, గొంతులో ఆశ్చర్యంతో.

"ఏమండీ, కాఫీ సీసా మూత వదులుగా ఉంది. మీరేనా?"

ఆయన వినబడనట్టు బొగ్గులకి విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు.

ఇది జరిగి రెండేళ్ళయింది. గుండు ఇప్పుడు పార్కు గేటు పక్కన, సైకిళ్ళు పెట్టే చోటుకి ఇవతల ఉంటుంది. అక్క వారంలో ఐదు సాయంత్రాలు అక్కడే. బొగ్గులు రాజేసేది తమ్ముడే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు బోల్టులూ విప్పి, నూనె రాసి, మళ్ళీ పెడతాడు. ఎడమచేత్తో.